మలుపు మీది మూత

నగరంలో రోడ్ల మీద ఎన్ని ఇనుప మూతలున్నాయో పాలక సంస్థ దస్త్రాల్లో ఒక లెక్క ఉంది. అది తప్పు. అసలు లెక్క ఒక మనిషి చెవుల్లో ఉంది. లారీ ఎక్కి దిగినప్పుడు ఖంగుమంటే పాత పోత ఇనుము. దబ్బుమంటే కింద చట్రం కుంగింది. టిక్కుమంటే అంచులో రాయి ఇరుక్కుంది. ఇరవై రెండేళ్ళుగా మురుగు కాలువల్లోకి దిగుతూ, దిగినవాళ్ళను పైకి లాగుతూ బతికినవాడికి ఈ చదువు తప్ప వేరే చదువు లేదు. సందులో వాళ్ళు అతన్ని మూతలాయన అంటారు. మేనకోడలు మామయ్యా అంటుంది. కోపం వస్తే మూతల మామయ్యా అంటుంది.

ఆ మేనకోడలికి పదిహేడేళ్ళు. పేరు ఏదైనా అందరూ పిలిచేది రేడియో అనే. కళ్ళు తెరిచింది మొదలు పడుకునేదాకా పాడుతూనే ఉంటుంది. పళ్ళు తోముకుంటూ కూడా పాడుతుంది. "ఊళ్ళో నేను మూత వెయ్యలేనిది దీని నోటికొక్కటే" అని అతను నవ్వుతుంటాడు. ఆ ముద్దుపేరు పెట్టింది వాళ్ళ నాన్న. అంటే అతని బావ. బావ పోయి తొమ్మిదేళ్ళయింది. అప్పటి నుంచి అక్క, మేనకోడలు, అతను, ముగ్గురూ దిగువ సందులో రెండు గదుల్లో ఉంటున్నారు. అక్క పెద్ద లాండ్రీలో హోటళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఇంటికొచ్చేసరికి ఆమె చేతుల నుంచి ఆవిరి వాసన వస్తుంది. అతని చేతుల నుంచి ఏ వాసన వస్తుందో ఆ ఇంట్లో ఎవరూ అనరు.

ఆ ఏడు నగరానికి కార్ల పందెం వచ్చింది. ఊరి బయట మైదానంలో కాదు, నడి వీధుల్లోనే. పెద్ద బజారు, నది ఒడ్డు రోడ్డు, కోర్టు వీధి, వంతెన దిగువ మలుపు, అన్నీ కలిపి ఐదు కిలోమీటర్ల చుట్టు. శనివారం పొద్దున సాధన పరుగులు, మధ్యాహ్నం ఎవరు ముందు నిలబడాలో తేల్చే పరుగులు, సాయంత్రం పాటల కచేరీ, ఆదివారం అసలు పందెం. గుంతలు పూడ్చండి మహాప్రభో అని పదేళ్ళుగా అర్జీలు పెట్టుకున్న వీధికి పద్దెనిమిది రోజుల్లో అద్దంలాంటి తారు పడింది. ఆ తారు వంతెన దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. అవతల దిగువ సందు. అటు కార్లు పోవు, మనుషులే పోతారు.

పందెం మొదలయ్యేలోపు ఆ చుట్టులో ఉన్న నూట నలభై ఒక్క మూతలనూ చట్రాలకు అతికేయాలి. ఎందుకో చెప్పడానికి పసుపు కోటు వేసుకున్న ఇంజినీరమ్మ పనివాళ్ళందర్నీ నిలబెట్టింది.

"ఈ కార్ల పొట్ట నేలకి రెండు వేళ్ళ ఎత్తులో ఉంటుంది. ఆ వేగానికి అది రోడ్డుని గొట్టంతో పీల్చినట్టు పైకి పీలుస్తుంది. కొక్కెం లేకుండా ఎవరూ ఎత్తలేని మూత కూడా కాగితంలా లేస్తుంది. లేచిన మూత వెనకొచ్చే కారుకి తగిలిందంటే లోపలున్న మనిషి గురించి నేను చెప్పక్కర్లేదు."

వెనక వరసలో ఎవరో గొణిగారు. "మూత మీద పోయేవాడికి ఇంత జాగ్రత్త. మూత కిందికి పోయేవాడికో?"

నలుగురూ నవ్వారు. మేస్త్రీ పళ్ళు నూరాడు. ఇంజినీరమ్మ నవ్వలేదు, పటం విప్పి మూతల నంబర్లు చదవడం మొదలుపెట్టింది.

ఒక్కో మూతకు ఎనిమిది చోట్ల, వేలెడు పొడుగున వెల్డింగ్ చేయాలి. చేశాక సుత్తితో కొట్టి చూసి, పచ్చ రంగు చుక్క పెట్టాలి. పచ్చ చుక్క ఉంటే ఇక ఆ మూతను ఎవరూ అనుమానించరు. చూసి చుక్క పెట్టాల్సింది మేస్త్రీ. మూడో రోజుకే ఆయనకు నడుం పట్టేసింది, రంగు డబ్బా మూతలాయన చేతిలో పెట్టేశాడు. "నీ చెయ్యి నాకు తెలీదా? నువ్వే పెట్టేయ్" అన్నాడు.

నూట నలభై మూతలు అలా అయ్యాయి. మిగిలింది మలుపు మీది మూత.

ఇక్కడ ఆ పనిలో ఉన్నవాళ్ళ కట్టు ఒకటి చెప్పాలి. కాలువలోకి దిగినవాళ్ళలో ఆఖరివాడు పైకొచ్చాక, కొక్కెంతో మూత అంచు మీద మూడు దెబ్బలు కొడతాడు. కింద ఎవరూ లేరు, మూసుకోవచ్చు అని దానర్థం. దిగినవాడే కొట్టాలి. పైన తాడు పట్టుకున్నవాడు కొట్టకూడదు. ఆ మూడు దెబ్బలు వినబడకుండా మూత వేసినవాడితో ఇంకెవరూ పనిలోకి దిగరు. ఏ కాగితం మీదా లేదు ఈ రూలు. కాగితం మీదున్న రూళ్ళలో మాస్కు ఉంది, గాలి గొట్టం ఉంది, గ్యాసు చూసే పెట్టె ఉంది. అవి కాగితం మీదే ఉన్నాయి. అందుకే ఈ మూడు దెబ్బలే మిగిలాయి వాళ్ళకి.

బావకు ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పని నుంచి రాగానే తలుపు మీద మూడు దెబ్బలు కొట్టేవాడు. లోపల పాడుతున్న పిల్ల పాట ఆపకుండానే పరిగెత్తుకెళ్ళి గడియ తీసేది.

తొమ్మిదేళ్ళ కిందట మలుపు మీది మూతలోంచి బావ దిగాడు. పైన తాడు పట్టుకుంది అతనే. "ఐదు నిమిషాల పనికి మాస్కేంటి" అన్నాడు ఆనాటి మేస్త్రీ. ఐదు నిమిషాలు కూడా కాలేదు, తాడు వదులైంది. పిలిస్తే పలకలేదు. దిగబోతుంటే అతన్ని నలుగురు పట్టుకుని కింద పడేశారు. నీటి తోపుకు కొట్టుకుపోయిన బావను రెండు గంటల తర్వాత రెండు మూతల అవతల పైకి తీశారు. ఈలోపు మలుపు దగ్గర బండ్లు ఆగిపోయాయని ఎవరో ఆ మూత లాగి మూసేశారు. మూడు దెబ్బలు ఎవరూ కొట్టలేదు.

ఆ రోజు అక్క అతనితో ఒక్క మాటే అంది. "ఎక్కడ దిగాడో నాకు చెప్పకురా. పిల్లకీ చెప్పకు. పొద్దున లేస్తే నేను పనికి పోవాలి. ఏదో ఒక రోడ్డు మీదే కదా పోవాలి."

అతను చెప్పలేదు. తనకు మాత్రం అటు కాలు పడేది కాదు. వంతెన దిగువకు పనిపడితే సందులన్నీ తిరిగి పోయేవాడు.

గురువారం తెల్లవారుజామున ఆ మూత ముందు కూర్చుని వెల్డింగ్ రాడ్డు అంటించాడు. ఎనిమిది చోట్ల వేయాల్సింది నాలుగు చోట్ల వేశాడు. వేలెడు వేయాల్సింది చిటికెన గోరంత వేశాడు. చెయ్యి రాలేదు. దెబ్బలు పడని మూతను శాశ్వతంగా మూసేయడానికి ఇరవై రెండేళ్ళ చెయ్యి ఒప్పుకోలేదు. పటంలో కార్ల దారి ఎర్ర గీతతో గీసి ఉంది. ఈ మూత ఆ గీతకు ఆరడుగుల దూరంలో, బయటి అంచున ఉంది. ఇటెవరొస్తారులే అనుకున్నాడు. అనుకుని పచ్చ చుక్క పెట్టేశాడు. ఇరవై రెండేళ్ళలో అతను పని విషయంలో ఆడిన అబద్ధం అదొక్కటే.

ఆ పొద్దునే పెద్దలు వచ్చారు, ఫొటోలవాళ్ళు వచ్చారు. శ్రామికులను గౌరవిస్తున్నామని నలభై మంది తరఫున ఒకడికి రెండు ప్రవేశపు పట్టీలు ఇచ్చారు. ఆ ఒకడు అతనే. ఫొటోకు వెనక మలుపు బాగుందని ఆ పచ్చ చుక్క పక్కనే నిలబెట్టారు.

మేస్త్రీ పట్టీలను చూపించి హెచ్చరించాడు. "చేతికి కట్టాక రెండు రోజులూ తియ్యకు. స్నానానికి కూడా తియ్యకు. కోస్తే చెల్లదు."

ఇంటికి తీసుకెళ్ళి చూపిస్తే రేడియో ఒక్క క్షణం పాట ఆపింది. ఆ ఇంట్లో అది వింత. కచేరీకి వచ్చే గాయని అంటే ఆ పిల్ల చెవి కోసుకుంటుంది. ఆమె పాటలన్నీ అద్దం పగిలిన ఫోనులో విని నేర్చుకుంది. టికెట్టు ధర తెలిసిన రోజు నుంచి ఆ కచేరీ ఊసే ఎత్తలేదు. అలా ఎత్తకపోవడమే అక్కను ఎక్కువ బాధపెట్టేది.

"నిజమైనవేనా మామయ్యా? గేటు దగ్గర గెంటేస్తే నేను చచ్చిపోతా."

"గెంటేస్తే కాలువలోంచి తీసుకెళ్తా. స్టేజీ కిందే ఒక మూతుంది."

"ఛీ! మూతల మామయ్యా!"

శనివారం పొద్దున అతనికి బూట్లు వేయించింది. చొక్కా, ప్యాంటు అక్క ఇస్త్రీ చేసింది, హోటలు దుప్పటి మడతంత పదునుగా. వాళ్ళ పట్టీలకు దక్కిన స్టాండు ఎక్కడా అంటే, వంతెన దిగువ మలుపు ఎదురుగానే. ఇనుప కడ్డీల మెట్లు, ముందు తీగల కంచె, కంచె అవతల రోడ్డు, రోడ్డు అంచున పచ్చ చుక్క.

"ఇక్కడొద్దు, ఇంకో చోట చూద్దాం" అన్నాడు.

"ఏం మాట్లాడుతున్నావు? ఎదురుగా పెద్ద తెర, వెనక్కి తిరిగితే స్టేజీ. ఇంతకన్నా మంచి చోటు మంత్రిగారికి కూడా ఉండదు" అని కూలబడింది పిల్ల.

మలుపు దగ్గర మంటలార్పే సీసాలు పట్టుకుని ఆరుగురు నిలబడ్డారు. పక్కనే అంబులెన్సు, తలుపులు తెరిచే ఉంది. లోపల డాక్టరు, ఆక్సిజన్ సిలిండరు, మాస్కు. అతని చూపు ఆ మాస్కు దగ్గర ఆగింది. అదే మలుపు. అప్పుడక్కడ ఉన్నది తను, ఒక తాడు.

పొద్దుటి పరుగులు మొదలయ్యాయి. ముందు చిన్న కార్లు. ఆ చప్పుడు పక్కటెముకల్లోకి వస్తోంది. రేడియో చెవులు మూసుకుని కేకలు పెడుతోంది. అతను మాత్రం కార్లను చూడటం లేదు, పచ్చ చుక్కను చూస్తున్నాడు. మొదటి పది నిమిషాలు అటు ఎవరూ రాలేదు. తర్వాత ఎర్ర కారొకటి మలుపులో అదుపు తప్పినట్టై బయటికి జరిగి, చుక్క మీదుగా పోయింది.

మూత చుట్టూ సన్నగా దుమ్ము లేచింది.

గట్టిగా అతికిన మూత ఊపిరి తీయదు. దుమ్ము లేచిందంటే కింద సందుంది, మూత కదులుతోంది.

ఆ ఎర్ర కారువాడికి అటు పట్టు బాగా దొరికినట్టుంది. మళ్ళీ చుట్టులో కావాలనే అటే వచ్చాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. పటంలోని ఎర్ర గీత కాగితం మీదే ఉండిపోయింది. పరుగు ముగిసేలోపు అతను ఏడుగుర్ని లెక్కపెట్టాడు. ఇవి చిన్న కార్లు. మధ్యాహ్నం రెండింటికి వచ్చేవి పెద్దవి. పీల్చేవి అవే.

"మామయ్యా, ఏంటలా ఉన్నావు? నీళ్ళు తాగు."

"ఏం లేదు."

"ఏం లేదంటే ఏదో ఉన్నట్టే. చెప్పు."

అతను కంచె వైపు చూస్తూనే అన్నాడు. "ఒక మూత సరిగ్గా వెయ్యలేదు."

"ఎవరు?"

"నేనే."

పిల్ల నమ్మలేదు. "నువ్వా? మనింట్లో కుళాయి కట్టేసి కూడా మూడుసార్లు తిప్పి చూస్తావు. నువ్వు సరిగ్గా వెయ్యకపోవడమేంటి?"

అతను రోడ్డు అంచున పచ్చ చుక్క వైపు చూపించాడు.

"చెప్తే ఏమవుతుంది?"

"పట్టీలు కోసేస్తారు. పని పోతుంది. నీ పాటలు..."

పిల్ల తన మణికట్టు వైపు చూసుకుంది. నారింజ రంగు పట్టీ మీద చిన్న అక్షరాలతో గాయని పేరుంది. బొటనవేలితో దాన్ని నిమిరింది. కాసేపు ఆ మొహంలో పదిహేడేళ్ళ స్వార్థం నిండా కనబడింది, దాచుకోవడం కూడా చేతకాని స్వార్థం.

"చెప్పకపోతే? ఎవరైనా చస్తారా?"

"తెలీదు."

"తెలీదంటే?"

"చావొచ్చు."

"లోపలుండేవాడికీ ఇంట్లో ఎవరో ఉంటారు కదా" అంది నెమ్మదిగా. తర్వాత ఒక్కసారిగా ఒంటికాలి మీద లేచింది. "మరి కూర్చున్నావేం? లే! నాకెందుకు చెప్తున్నావు, నేను వెల్డింగ్ చేస్తానా?"

అతను లేచాడు. కొత్త బూట్లు మెట్ల మీద జారుతున్నాయి. రెండింటికి ఇంకా ముప్పావుగంటే ఉంది.

గేటు దగ్గర మేస్త్రీ దొరికాడు. విషయం వినగానే అతని మోచెయ్యి పట్టి పక్కకు లాగాడు.

"నీకేమైనా మతిపోయిందా? అంచున ఉంది అది. ఎవడూ రాడటు."

"వస్తున్నారు మేస్త్రీగారూ. ఏడుగురొచ్చారు, లెక్కపెట్టాను."

"నోరు మూసుకుని పాటలు విని ఇంటికి పోలేవా? పచ్చ చుక్క పడ్డాక అది నీ మూతా కాదు, నా మూతా కాదు."

"అది నా మూతే" అన్నాడు అతను. మేస్త్రీకి ఆ గొంతు కొత్తగా అనిపించి చెయ్యి వదిలేశాడు.

పసుపు కోటు ఇంజినీరమ్మ తిట్టలేదు. మొహం మాత్రం పాలిపోయింది. ఎన్నో నంబరు మూత, ఎన్ని అతుకులు, ఎంత పొడుగు, మూడు ప్రశ్నలడిగింది. మూడింటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు.

"మరి పచ్చ చుక్క ఎవరు పెట్టారు?"

"నేనే పెట్టానమ్మా. డబ్బా మేస్త్రీగారిచ్చారు."

రెండూ నిజాలే. వెనకే వచ్చిన మేస్త్రీ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పూర్తిగా అతకడానికి ఎంతసేపు పడుతుంది?"

"చట్రం శుభ్రం చేసి చుట్టూ అతకాలంటే అరగంట."

"ఇరవై నిమిషాలు తీసుకోండి. మిగతా వెల్డర్లు బయట జనంలో చిక్కుకున్నారు, రావడానికి గంట పడుతుంది. మీరే చెయ్యాలి. చేస్తారా?"

ఆమె అడిగింది పనిలో ఇరవై నిమిషాల గురించి. అతనికి వినబడింది తొమ్మిదేళ్ళ గురించి. "చేస్తాను" అన్నాడు.

వెల్డింగ్ బండి వచ్చి మలుపులో ఆగింది. స్టాండులో వేలమంది చూస్తుండగా అతను మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఇస్త్రీ మడత మోకాలి దగ్గర తారుకు అంటుకుంది. గ్రైండరుతో తన నాలుగు గోరంత అతుకులనూ కోసేశాడు. అవి కొయ్యడానికి పట్టింది నిమిషమే. అంత పల్చగా వేశాడన్నమాట. అది చూసి అతనికే సిగ్గేసింది.

చట్రం అంచులో ఇసుక ఉంది, మూత ఎత్తి తుడవాలి. కొక్కెం వేసి లాగాడు. లోపలి వాసన పైకి కొట్టింది. సీసాలు పట్టుకున్నవాళ్ళు ముక్కులు మూసుకుని వెనక్కి జరిగారు. స్టాండులోంచి ఈలలు మొదలయ్యాయి. మైకులో ఎవరో, చిన్న సాంకేతిక కారణం వల్ల ఆలస్యమవుతోంది, దయచేసి సహకరించండి, అంటున్నారు.

అతను అంచు తుడుస్తూ లోపలికి వంగాడు. నల్లగా ఉంది. అడుగున నీళ్ళు పోతున్న చప్పుడు, అప్పటిలాగే. చెవి ఒగ్గి విన్నాడు. ఎందుకు వింటున్నాడో అతనికి తెలుసు, వినబడదని కూడా తెలుసు. ఆ చీకట్లోకి ఒక్కసారి, పెదవులు కదిలీ కదలనట్టు, "బావా" అన్నాడు.

సీసా పట్టుకున్న ఒక కుర్రాడు కంగారుపడ్డాడు. "ఏమైందండీ? లోపల ఎవరైనా ఉన్నారా?"

తొమ్మిదేళ్ళలో ఆ ప్రశ్న అతన్ని ఎవరూ అడగలేదు. పోలీసులు వేరే అడిగారు, ఆఫీసువాళ్ళు వేరే అడిగారు. ఏ పూట డ్యూటీ, ఎవరు పంపారు, సంతకం ఎక్కడ, అవే.

"లేరు" అన్నాడు. గొంతు సవరించుకుని మళ్ళీ అన్నాడు. "లోపల ఎవరూ లేరు."

మూత దించాడు. కొక్కెం చేతిలోనే ఉంది. మూడు దెబ్బలు కొట్టాలని చెయ్యి లేచింది. కానీ తను పైవాడు, తాడు పట్టుకున్నవాడు. కొట్టే హక్కు తనది కాదు. కొక్కెం పక్కన పెట్టి, ముసుగు దించి, రాడ్డు అంటించాడు.

ఎనిమిది చోట్ల కాదు, చుట్టూ అతికాడు. ఎక్కడా తెగకుండా ఒకటే అతుకు. పంతొమ్మిది నిమిషాలు పట్టింది. ఇంజినీరమ్మ వంగి సుత్తితో చుట్టూ కొట్టి చూసింది. అతను రంగు డబ్బా ఆమె చేతికిచ్చాడు. "ఈసారి మీరే పెట్టండమ్మా." ఆమె పాత చుక్క మీదే కొత్త చుక్క పెట్టి, ఏదో అనబోయి, చేతిలోని వైర్‌లెస్ మోగడంతో అటు పరిగెత్తింది. కనీసం ఒక మంచి మాటకైనా ఆ పందెంలో టైము లేదు.

ఆమె అటు తిరగ్గానే మేస్త్రీ కటింగ్ ప్లయర్ తీశాడు. "పనికి ట్రాక్ మీద దిగినవాడు స్టాండులో కూర్చోకూడదు. రూలు." టక్కున పట్టీ తెగి తారు మీద పడింది. "సోమవారం నుంచి రాకు. డబ్బా నేనిచ్చానని నలుగుర్లో అంటావా?"

"మీరివ్వలేదా?"

మేస్త్రీ ప్లయర్ జేబులో పెట్టుకుని గేటు వైపు చెయ్యి చూపించాడు.

అలా అతన్ని రేకుల కంచె అవతలికి పంపేశారు. రేకుల మధ్య బెత్తెడు సందులోంచి రేడియో మొహం కనబడింది. జనాన్ని తోసుకుంటూ అక్కడిదాకా వచ్చింది.

"నేనూ వచ్చేస్తా."

"వస్తే మళ్ళీ రానివ్వరు. పోయి కూర్చో."

"నువ్వు లేకుండా నాకెందుకు? ఒక్కదాన్నే..."

"నీ పాటలకు నేనెందుకే? నాకు ఒక్క ముక్క అర్థం కాదు. పో. ఇక్కడే ఉంటా. ఈ స్తంభం దగ్గర. ఎక్కడికీ పోను."

పిల్ల కదల్లేదు. అతనికి కోపమొచ్చింది. "ఒకటి పోయింది చాలు. రెండూ పోగొట్టకు. పోతావా పోవా?"

పోయింది.

రెండింటికి రావాల్సిన పెద్ద కార్లు పావుగంట ఆలస్యంగా వచ్చాయి. కంచె అవతల కూర్చున్నవాడికి కనబడేది ఆకాశమే, వినబడేది అంతా. ఒక్కో కారు మలుపులోకి వచ్చినప్పుడల్లా చెవి పెట్టి లెక్కపెట్టాడు. ఇరవై, ముప్పై, నలభై. ఎక్కడా టిక్కుమన్న చప్పుడు లేదు. ఏమీ జరగలేదు. అతని బతుకంతా చేసిన పని అదే, ఏమీ జరగకుండా చూడటం. అలాంటి పనికి చప్పట్లు ఉండవు, ఎందుకంటే చూపించడానికి ఏమీ మిగలదు. జరిగిననాడు మాత్రం అందరూ వచ్చి ఎవరి తప్పని అడుగుతారు.

ఎండ తగ్గాక పాటలు మొదలయ్యాయి. ఎవరెవరో పాడారు, అతనికి పట్టలేదు. తర్వాత జనం ఒక్క గొంతుతో అరిచారు. ఆమె వచ్చిందన్నమాట. మొదటి పాట మొదలవగానే అతను ఉలిక్కిపడ్డాడు. ఇది తనకు తెలుసు! ఇది గిన్నెలు తోమేటప్పటి పాట. తర్వాతది బస్సు తప్పిపోయినప్పుడు చెప్పులు విసిరికొట్టి పాడేది. ఆ తర్వాతది పరీక్షల ముందు రోజు వాళ్ళమ్మ మీద అలిగి గోడకు తిరిగి పాడేది. మాట అర్థం కాలేదు గానీ, ప్రతి పాటకూ ఇంట్లో ఒక మూల కనబడింది. అతను రేకుకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆరున్నరకు కచేరీ అయిపోయింది. జనం పెద్ద గేటు వైపు పోతున్న అలికిడి. అతను లేవలేదు.

వీపు వెనక రేకు మీద దెబ్బ పడింది. ఆగి, ఇంకొకటి. ఆగి, ఇంకొకటి.

అతను ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాడు.

"మామయ్యా, నేనే" అంది అవతలి నుంచి బొంగురుపోయిన గొంతు. "గేటు చుట్టూ తిరిగి రావాలి. ఉండు."

వచ్చింది. జుట్టు చెదిరింది, మొహం ఉబ్బింది. పాటల వల్లే కాదని తెలుస్తూనే ఉంది. ఇద్దరూ నడక మొదలుపెట్టారు. కొంత దూరం పోయాక ఆ పిల్లే మాట్లాడింది.

"నిన్ను పెద్ద తెర మీద చూపించారు. నువ్వు మూత మీదికి వంగి చెవి పెట్టావు. తర్వాత కొక్కెం ఎత్తావు. ఎత్తి కొట్టలేదు."

అతను తల వంచుకుని నడుస్తున్నాడు.

"నాన్న అక్కడే కదా దిగింది."

"ఊ."

"అందుకే సరిగ్గా వెయ్యలేదు."

"ఊ."

"పక్కనున్నవాడు నీ మీద జోకేశాడు. ఏంట్రా, ఈ బండి కూడా పందెంలో ఉందా, అన్నాడు. వాడి నెత్తిన నీళ్ళ సీసా కుమ్మరించాను."

"అయ్యో! వాడేమన్నాడు?"

"ఏమంటాడు? తుడుచుకున్నాడు." రేకుల కంచె వైపు ఓసారి వెనక్కి తిరిగి చూసింది. "ఇందాక రేకు మీద కొట్టింది నాన్న కోసం. నువ్వు కొట్టకూడదు కదా. నేను కొట్టొచ్చు. నేను ఆయన మనిషిని."

తొమ్మిదేళ్ళుగా ఆ శబ్దం కోసం ఒక చెవి తెరుచుకునే ఉందని ఆ పిల్లకు ఎలా చెప్పాలో అతనికి తెలియలేదు. ఆమె తలమీద చెయ్యి వేశాడు. ఆమె వెంటనే తీసేసింది. "చేతులు కడుక్కున్నావా?" అంది. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే పిల్ల ముక్కు చీదుకుంది.

"అమ్మకి చెప్తావా?"

"వద్దంది కదా."

"అప్పుడు వద్దంది."

ఇంట్లో అక్క గడప దగ్గరే కూర్చుని ఉంది. పని నుంచి వచ్చి చీర కూడా మార్చుకోలేదు. తమ్ముడి మోకాళ్ళ మీది తారు మరకలు చూసింది, పట్టీ లేని చెయ్యి చూసింది.

"లాండ్రీలో టీవీ పెట్టారు" అంది. "మొహానికి ముసుగుందిలే గానీ, నీ వీపు నాకు తెలీదా? అందరూ పందెం ఆగిందని గోల. నేను ఇస్త్రీ పెట్టె దుప్పటి మీదే వదిలేశాను. కాలిపోయింది. తిట్టారు."

మళ్ళీ ఆమే అడిగింది. "ఆ మలుపేనా?"

అతను తలూపాడు.

"వంతెన దిగి ఎడమ పక్క. కాలిబాట పగిలిపోయి ఉంటుంది. ఆ మూత మీద కాలు పెట్టే రోడ్డు దాటుతాను." ఆమె లెక్క పెడుతున్నట్టు ఆగింది. "పోను ఒకసారి, రాను ఒకసారి. తొమ్మిదేళ్ళు."

"అక్కా..."

"చెప్పొద్దంది నేనే కదరా. నిన్నేమంటాను?" ఆమె చెంగుతో కళ్ళు ఒత్తుకోలేదు. తమ్ముడి ప్యాంటు మోకాలి దగ్గర పట్టుకుని మరక గోకి చూసింది. "ఇది పోదు. తారు పోదు." తర్వాత అడిగింది. "పందెం అయిపోయాక ఆ మూతలన్నీ మళ్ళీ కొయ్యాలి కదా? లేకపోతే మురుగు మన సందులోకి ఎగదన్నుతుంది."

"సోమవారం. నన్ను రావద్దన్నాడు."

"నూట నలభై ఒక్క మూతలు ఎవరు కోస్తారు? వాడు కోస్తాడా? నడుం పట్టేస్తుంది వాడికి." నవ్వీ నవ్వనట్టు మూతి విరిచింది. "మధ్యాహ్నంకల్లా మనిషిని పంపిస్తాడు చూడు. పంపితే ఊరికే పోకు. మాస్కు ఇస్తేనే వస్తానను. నలభై మందీ అదే అనండి. మూతలు కొయ్యకపోతే ఈసారి మునిగేది మన సందొక్కటే కాదు, ఆ తారు రోడ్డు కూడా."

రేడియో తల్లి పక్కన చేరి భుజం మీద తల పెట్టింది. ఆ పూటకు పాట లేదు.

"మలుపు మీదిది ముందు కోస్తావా, ఆఖర్నా?" అని అడిగింది అక్క.

"ఎప్పుడు చెప్తే అప్పుడు."

"ముందే కొయ్యి. నేను ఒక పూట సెలవు పెడతాను. తెరిచి చూపించు. చూసి పనికి పోతాను." లేచి, చీర దులుపుకుంది. "ఎప్పుడు తిన్నారో ఏమో ఇద్దరూ. చేతులు కడుక్కోండి. నువ్వు రెండుసార్లు."